పదిమందిలో పాము ఎందుకు చావదు?

రోడ్డు మీద బండి పడి ఉంది. పక్కనే మనిషి పడి ఉన్నాడు. చుట్టూ ఇరవై ముప్పై మంది మూగారు. "అయ్యో పాపం" అనేవాళ్లు ఉన్నారు, సెల్‌ఫోన్ పైకెత్తి వీడియో తీసేవాళ్లు ఉన్నారు, "108కి ఎవరైనా ఫోన్ చేశారా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. చేసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. మర్నాడు టీకొట్టు దగ్గర అదే మాట నడుస్తుంది. "అంతమంది ఉండి ఒక్కడూ ముందుకు రాలేదంట. మనుషుల్లో మానవత్వం చచ్చిపోయింది."

నిజంగా చచ్చిపోయిందా?

ఈ ప్రశ్న వేసుకోని ఇల్లు ఉండదు. జవాబూ ప్రతి ఇంట్లో సిద్ధంగానే ఉంటుంది. పట్నవాసం మనుషుల్ని చెడగొట్టిందని ఒకరు, సెల్‌ఫోన్ చెడగొట్టిందని ఒకరు, పెంపకం సరిగా లేదని ఇంకొకరు అంటారు. మన పెద్దలు ఎప్పుడో వేరే జవాబు చెప్పారు: పదిమందిలో పాము చావదు. ఒక్కడే ఉంటే కర్ర వెతుక్కుంటాడు. పదిమంది ఉంటే ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపు పాము పుట్టలోకి జారుకుంటుంది.

ఇన్ని జవాబుల్లో ఏది నిజమో తేల్చేది ఎలా? మనసు కంటికి కనిపించదు, తక్కెడలో వేసి తూచలేం. అయినా దాన్ని పరీక్షించి తెలుసుకోవచ్చన్న పట్టుదలతో విల్‌హెల్మ్ వుంట్ 1879లో జర్మనీలోని లైప్జిగ్‌లో ప్రయోగశాల పెట్టాడు. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1916లో మనస్తత్వశాస్త్ర శాఖ తెరిచింది. అప్పటినుంచి ఈ శాస్త్రం రకరకాల పద్ధతులు తయారు చేసుకుంది. వాటిలో ముఖ్యమైనవాటిని ఆ రోడ్డు పక్క ప్రశ్న వెంటే నడుస్తూ ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క కథ ఎంత దూరం తీసుకెళ్తుంది?

1964 మార్చి 13. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతం. తెల్లవారుజామున మూడు దాటింది. పని ముగించుకుని ఇంటికొస్తున్న 28 ఏళ్ల కిటీ జెనొవీస్‌ను ఒక దుండగుడు కత్తితో పొడిచాడు. ఆమె అరిచింది. వాడు పారిపోయి, కాసేపటికి తిరిగొచ్చి మళ్లీ పొడిచాడు. ఆమె బతకలేదు. రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో కథనం వచ్చింది. 38 మంది పొరుగువాళ్లు అరగంటకు పైగా చూస్తూ ఊరుకున్నారని, దాడి జరుగుతుండగా ఒక్కరూ పోలీసులకు ఫోన్ చేయలేదని దాని సారాంశం. అమెరికా అంతా సిగ్గుతో తల వంచుకుంది.

ఒకే మనిషినో ఒకే సంఘటననో పట్టుకుని లోతుగా తవ్వడాన్ని ఉదంత పరిశీలన అందాం. ఇంగ్లిషులో కేస్ స్టడీ అంటారు. ఎవరికీ తట్టని ప్రశ్నను లేవనెత్తడం దీని బలం. 1861లో పారిస్ డాక్టరు పాల్ బ్రోకా దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఎదుటివాళ్లు అన్నది అర్థమయ్యేది గానీ, ఏం అడిగినా "టాన్" అన్న శబ్దమే అతని నోట వచ్చేది. అతను పోయాక మెదడు తెరిచి చూస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. మాట పలకడానికి మెదడులో ప్రత్యేకమైన చోటు ఉందన్న ఆలోచనకు ఆ ఒక్క రోగి ఊతమిచ్చాడు.

అయితే కథ ఒక్కటే కావడంలోనే దీని బలహీనత కూడా ఉంది. అది అందరికీ వర్తిస్తుందో లేదో తెలియదు. పైగా కథ చెప్పినవాళ్లు సరిగ్గా చెప్పారో లేదో చూసుకోవాలి. జెనొవీస్ కేసు కాగితాలను తర్వాతి పరిశోధకులు తిరగేశారు. 38 మంది చూస్తూ ఊరుకున్నారనడానికి ఆధారం లేదని 2007లో ప్రకటించారు. చాలామంది చెవిన పడింది అరుపు ముక్క మాత్రమే. ఒకాయన కిటికీలోంచి దుండగుణ్ణి గదమాయించాడు. సోఫియా ఫరార్ అనే పొరుగింటావిడ ఆ చీకట్లో మెట్లు దిగి పరుగున వెళ్లి, కొనఊపిరితో ఉన్న కిటీని చేతుల్లోకి తీసుకుంది. సాక్షుల సంఖ్యను, వాళ్లు చూసినదాన్ని ఎక్కువ చేసి రాశామని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది.

యాభై ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో 38 మంది నిర్దయులు ఉన్నారు. సోఫియా ఫరార్ మాత్రం లేదు. ఉదంతం ప్రశ్న పుట్టించగలదు గానీ తీర్పు చెప్పలేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అడిగితే చెబుతారా?

ఒక్క కథ చాలదంటే, వెయ్యి మందిని అడుగుదాం. ఇది సర్వే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని వంటచేసే ప్రతివాళ్లకూ తెలుసు. కోట్లమంది సంగతి వెయ్యి మందిని అడిగి చెప్పడంలోని కిటుకూ అదే. ఆ వెయ్యి మందిని నమూనా అంటారు, ఇంగ్లిషులో శాంపిల్. ఒక్క షరతు ఉంది. పులుసును అడుగుదాకా కలపకుండా పైన తేటను రుచి చూస్తే ఉప్పు తెలియదు. నమూనా కూడా సమాజం అడుగుదాకా కలిపి తీసిన గరిటెడు కావాలి.

అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక 1936లో ఈ షరతు మరిచింది. అధ్యక్ష ఎన్నికల్లో ఎవరు గెలుస్తారని కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. పోటీలో ఉన్న ల్యాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ గెలుచుకున్నాడు. పత్రిక పేర్లు ఏరింది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్లున్నవాళ్ల జాబితాల్లోంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్లు పైన తేలిన తేట. అంతకంటే ఎంతో చిన్న నమూనాతో సర్వే చేసిన జార్జ్ గ్యాలప్ సరైన ఫలితం చెప్పాడు. గరిటె పెద్దదా చిన్నదా అన్నదానికంటే కలిపి తీశామా లేదా అన్నదే ముఖ్యం.

మన ప్రశ్న మీద మన దేశంలోనే ఒక సర్వే జరిగింది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ 2013లో అడిగితే, రోడ్డు మీద గాయపడినవాళ్లకు సాయం చేయడానికి వెనకాడతామని నూటికి 74 మంది చెప్పారు. ఎందుకని అడిగితే, ఆ వెనకాడేవాళ్లలో నూటికి 88 మంది పోలీసుల ప్రశ్నలు, కోర్టుల చుట్టూ తిరగడం వంటి తిప్పలు తలుచుకుని భయపడుతున్నామన్నారు. చాలామంది వెనకడుగుకు భయం ఒక కారణమని ఇక్కడ తేలింది. టీకొట్టు దగ్గర దాన్నే మానవత్వం చచ్చిపోవడం అనుకున్నాం.

సర్వేకు హద్దు కూడా ఉంది. పెళ్లిచూపుల్లో కోపిష్ఠి పెళ్లికొడుకు ఎవడూ కనిపించడు. మనిషి తాను చేసేది కాకుండా, చేస్తే బాగుంటుందనుకునేది చెబుతాడు. అబద్ధం చెప్పే ఉద్దేశం లేకపోయినా, తానెందుకు అలా చేశాడో తనకే తెలియకపోవచ్చు. అందుకే అడగడంతో ఆగకుండా చేయించి చూడాలి.

చీటీ వేసి చూడడం

జెనొవీస్ హత్య వార్త చదివిన ఇద్దరు న్యూయార్క్ మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లటానే. ఆ 38 మంది ఎలాంటి మనుషులని లోకం అడుగుతుంటే, వాళ్లు ప్రశ్నను తిరగేశారు. అంతమంది ఉండడమే ఎవరూ కదలకపోవడానికి కారణమైతే? ఇది మన పాము సామెతే. కాకపోతే సామెతను వాళ్లు పరీక్షకు నిలబెట్టారు. ఇలా తప్పని తేలడానికి కూడా అవకాశమిచ్చే ఊహను పరికల్పన అంటారు, ఇంగ్లిషులో హైపోథిసిస్. ఆ పత్రికా కథనం సగం తప్పని తర్వాత తేలినా, అది పుట్టించిన ప్రశ్న మాత్రం అసలైనదే.

1968లో అచ్చయిన వాళ్ల ప్రయోగం ఇలా సాగింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం విద్యార్థిని ఒకరిని చిన్న గదిలో కూర్చోబెడతారు. ముందు మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. మిగతా గదుల్లో ఇంకొందరు ఉన్నారని, కాలేజీ జీవితంలోని ఇబ్బందుల గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకోవాలని, మొహమాటం లేకుండా ఉండడానికే వేరు వేరు గదులని చెబుతారు. మొదటి కుర్రాడు మాట్లాడుతూ, పరీక్షలప్పుడు తనకు మూర్ఛ వస్తుంటుందని కాస్త సిగ్గుపడుతూ చెబుతాడు. వరస మళ్లీ అతని దాకా వచ్చేసరికి గొంతు తడబడుతుంది, మాటలు ముద్దవుతాయి, సాయం చేయమంటాడు, ఊపిరాడనట్టు ఆయాసపడతాడు. తర్వాత నిశ్శబ్దం. నిజానికి ఆ గొంతులన్నీ టేపులో ముందే రికార్డు చేసినవి. విన్న విద్యార్థినికి ఆ సంగతి తెలియదు.

మార్చింది ఒకే ఒక్క సంగతి. కొందరికి "నువ్వూ అతనూ ఇద్దరే ఉన్నారు" అన్నారు. కొందరికి ఇంకొకరు కూడా ఉన్నారన్నారు. మరికొందరికి ఇంకో నలుగురు ఉన్నారన్నారు. గొంతు అదే, గది అదే, మూర్ఛ అదే. కొత్త ఎరువు పనిచేస్తుందో లేదో చూడాలనుకున్న రైతు ఒకే పొలాన్ని రెండు మడులుగా చేసి, ఒకే విత్తనం చల్లి, ఒకే నీరు పెట్టి, ఎరువు మాత్రం ఒక మడికే వేస్తాడు. ప్రయోగం ప్రాణం ఆ 'ఒకే ఒక్క తేడా'లో ఉంది.

మనుషులు మాత్రం ఒకే విత్తనం కాదు. ధైర్యవంతులు ఉంటారు, బెదురుగొడ్లు ఉంటారు. అందుకే ప్రయోగాల్లో ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది వాళ్ల ఇష్టానికీ పరిశోధకుడి ఇష్టానికీ వదలకుండా చీటీ వేసి తేలుస్తారు. ఇంగ్లిషులో రాండమ్ అసైన్‌మెంట్ అనే ఈ పద్ధతిలో ధైర్యం, దయ, భయం అన్ని గుంపుల్లోకీ ఇంచుమించు సమంగా పంపకమవుతాయి. ఆ తర్వాత తేడా కనిపిస్తే, మనం మార్చిన ఆ ఒక్క సంగతినే కారణంగా పట్టుకోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. 'సాయం' అంటే ఏమిటి? చిటికెడు ఉప్పు అంటే ఒక్కొక్కరి చిటికె ఒక్కోలా ఉంటుంది, చెంచాడు అంటే తేడా రాదు. డార్లీ, లటానే సాయానికి చెంచా కొలత పెట్టారు. తలుపు తీసుకుని బయటికొచ్చి పరిశోధకుడికి చెబితే సాయం చేసినట్టు. ఎన్ని సెకన్లకు వచ్చారో గడియారం చెబుతుంది. ఆరు నిమిషాలకూ రాకపోతే ప్రయోగం ఆపేస్తారు. ఇలా కంటికి కనిపించని గుణాన్ని కొలవగలిగే పనిగా మార్చుకోవడాన్ని కొలత నిర్వచనం అనవచ్చు.

ఫలితం ఇది. తానొక్కతే విన్నాననుకున్నవాళ్లలో మూర్ఛ ముగిసేలోగా బయటికొచ్చినవాళ్లు నూటికి 85. ఇంకొకరు కూడా విన్నారనుకున్నప్పుడు 62. ఇంకో నలుగురు విన్నారనుకున్నప్పుడు 31. ఒంటరిగా ఉన్నవాళ్లు సగటున 52 సెకన్లలో కదిలితే, పెద్ద గుంపులో ఉన్నామనుకున్నవాళ్లకు 166 సెకన్లు పట్టింది.

ఆ అంకెల కంటే నన్ను ఎక్కువగా కదిలించేది వేరే సంగతి. కదలనివాళ్ల గదిలోకి చివరికి పరిశోధకుడు వెళ్తే, వాళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని లేరు. చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులకు చెమట పట్టింది. "అతనికెలా ఉంది? ఎవరైనా చూసుకుంటున్నారా?" అని వాళ్లే ముందు అడిగారు. దయ ఉంది, ఆదుర్దా ఉంది. ఎవరో ఒకరు వెళ్లే ఉంటారన్న ఊహ కాళ్లకు అడ్డం పడింది. రాజుగారు గుడి కోనేటిని పాలతో నింపమంటే, 'అందరూ పాలే పోస్తారు, నా ఒక్క చెంబు నీళ్లు ఎవరికి తెలుస్తాయి' అనుకుని ఊరంతా నీళ్లు పోసిన కథ మనకు తెలిసిందే. ఆ ఊరివాళ్లలో స్వార్థం ఉంది, ఈ విద్యార్థుల్లో అది కూడా లేదు. రెండుచోట్లా భారాన్ని పదిమందికి పంచేసరికి ఎవరి వాటాకూ బరువు మిగల్లేదు. దీన్ని బాధ్యత పలచబడడం అందాం.

పక్కవాళ్లు ఉండడం వల్లే ఆగారా అని ఆ శాస్త్రవేత్తలు తమ ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లను నేరుగా అడిగారు, చుట్టూ తిప్పి అడిగారు. లేదనే చెప్పారు. వాళ్లు దాచలేదు, వాళ్లకే తెలియదు. ఎన్ని వేల మందిని సర్వే చేసినా ఈ నిజం బయటపడేది కాదు.

జంటగా నడిచేవన్నీ కారణాలు కావు

అదే ప్రయోగంలో విద్యార్థుల స్వభావాన్ని కొలిచే ప్రశ్నపత్రాలు కూడా ఇచ్చారు. సామాజిక బాధ్యత, ఎదుటివాళ్ల మెప్పు కోసం తపన వంటివి కొలిచారు. వాటిలో ఏదీ సాయానికి వచ్చిన వేగంతో కలవలేదు. 'ఎలాంటి మనిషి' అన్నదానికంటే 'పక్కన ఎంతమంది' అన్నదే ఎక్కువ లెక్కకొచ్చింది. ఒక్క విషయం మాత్రం కాస్త కలిసింది. పెరిగిన ఊరు పెద్దదైన కొద్దీ సాయానికి రావడం కొంత తగ్గింది.

పట్నవాసమే చెడగొట్టిందన్న మాట నిజమేనన్నమాట, అనిపిస్తుంది. ఇక్కడే ఆగి ఆలోచించాలి. మామిడిపళ్లు బజారుకొచ్చే నెలల్లోనే వడదెబ్బలూ పెరుగుతాయి. మామిడిపండు తింటే వడదెబ్బ తగులుతుందని ఎవరూ అనరు, రెంటి వెనకా ఎండాకాలం ఉంది కాబట్టి. ఇలా రెండు సంగతులు కలిసి పెరగడం, కలిసి తగ్గడం లేదా ఒకటి పెరిగితే ఒకటి తగ్గడాన్ని సహసంబంధం అంటారు. అది ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని కాదు. ఊరు విషయంలో కూడా వెనక ఏ ఎండాకాలం దాగి ఉందో ఆ లెక్క చెప్పదు. డబ్బా, కుటుంబమా, ఇంకేదైనానా? చీటీ వేసి పిల్లల్ని సగం పల్లెలో, సగం పట్నంలో పుట్టించలేం.

అలాగని దీన్ని తీసిపారేయకూడదు. చీటీ వేసి సగం మంది చేత సిగరెట్లు కాల్పించడం ఎవరూ చేయలేరు, చేయకూడదు. అయినా ఎన్నోచోట్ల, ఎన్నో విధాలుగా సహసంబంధాలను పరీక్షించి, మరుగున ఉన్న కారణాలను ఒక్కొక్కటే తీసేస్తూ పోయి సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ లంకె తేల్చారు. తొందరపడకుండా వాడితే ఇదీ మంచి పనిముట్టే.

గది నుంచి వీధికి

గదిలో తేలింది వీధిలో నిలుస్తుందా? ఈ అనుమానంతోనే ఇర్వింగ్ పిలియావిన్ బృందం 1968లో న్యూయార్క్ భూగర్భ రైలెక్కింది. బృందంలో ఒకతను నడుస్తున్న పెట్టెలో కుప్పకూలతాడు. కొన్నిసార్లు చేతిలో కర్ర, కొన్నిసార్లు మందు వాసనతో చేతిలో సీసా. కర్రతో పడినప్పుడు 65 సార్లకు 62 సార్లు ఎవరో ఒకరు తమంతట తాము లేచి పట్టుకున్నారు. సీసాతో పడినప్పుడు 38 సార్లకు 19 సార్లు. జనం ఎక్కువున్నారని సాయం తగ్గిన జాడ అక్కడ కనిపించలేదు.

కొన్నేళ్ల క్రితం ఇంకో బృందం బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల్లో సీసీటీవీ కెమెరాలకు చిక్కిన 219 వీధి తగాదాలను చూసింది. ఎవరినీ కదిలించకుండా, జరిగేదాన్ని జరిగినట్టు చూసి రాసుకోవడాన్ని సహజ పరిశీలన అంటారు. పదింటిలో తొమ్మిది తగాదాల్లో కనీసం ఒక్కరు కలగజేసుకుని ఆపడానికి చూశారు. జనం ఎక్కువున్నచోట ఎవరో ఒకరు వచ్చే అవకాశమూ ఎక్కువే.

డార్లీ, లటానే తప్పు చెప్పినట్టా? కాదు. ఒక్కొక్కరి అడుగు వెనక్కి పడినా, గుంపులో అడుగులు చాలా ఉన్నాయి. పైగా రైల్లో పడ్డవాడు, వీధిలో కొట్టుకునేవాళ్లు అందరికీ కళ్లెదుట కనిపిస్తున్నారు. ఏం జరుగుతోందో తెలియనప్పుడు కథ వేరుగా ఉంటుంది. ఆ ఇద్దరి ఇంకో ప్రయోగంలో గదిలోకి మెల్లగా పొగ వదిలారు. ఒంటరిగా కూర్చున్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. ఏమీ పట్టనట్టు నటించే ఇద్దరి మధ్య కూర్చోబెడితే పదిమందిలో ఒక్కరే లేచారు. పక్కవాళ్ల మొహంలో కంగారు లేదు కాబట్టి ప్రమాదమూ లేదనుకున్నారు.

ఒకసారి తేలినదాన్ని మళ్లీ చేసి చూడడం ఇందుకే అవసరం. 2015లో ఎందరో శాస్త్రవేత్తలు కలిసి, అప్పటికే అచ్చయిన 100 మనస్తత్వ ప్రయోగాలను మళ్లీ చేస్తే, నూటికి 36 ప్రయోగాల్లోనే మొదటి ఫలితం గట్టిగా నిలిచింది. కొందరు దీన్ని ఆ శాస్త్రానికి అవమానం అనుకున్నారు. నాకు అది ఆ శాస్త్రం నిజాయితీగా కనిపిస్తుంది. తన లెక్క తానే మళ్లీ కూడి, తప్పొస్తే పైకి చెప్పేవాణ్ణే కదా మనం నమ్మేది.

మనిషి మీద ప్రయోగానికి హద్దు

1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే పరిశోధకులు ఒక పసివాడి ముందు తెల్ల ఎలుకను పెట్టి, వాడు ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనుపకడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకే ఎలుక కనిపిస్తే చాలు పిల్లవాడు ఏడ్చేవాడు. ఆ భయం పోగొట్టకుండానే వాణ్ణి పంపేశారు. భయం ఎలా నేర్చుకుంటామో తెలిసింది, నిజమే. దాని వెల ఒక పసిబిడ్డ చెల్లించాడు.

ఇప్పుడలా కుదరదు. ప్రయోగం ఏమిటో చెప్పి పాల్గొనేవాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలి. మధ్యలో లేచి వెళ్లిపోయే హక్కు ఉండాలి. నిజం ముందే చెబితే ప్రయోగం చెడుతుందంటే, అయిపోయిన వెంటనే అంతా విప్పి చెప్పాలి. మొదలుపెట్టే ముందే నైతిక సంఘం అనుమతి కావాలి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఇదే చెబుతాయి. హెడ్‌ఫోన్లలో మూర్ఛ విన్న విద్యార్థులకు తర్వాత నిజం చెప్పారు. రైల్లో ప్రయాణికుల్ని మాత్రం ఎవరూ ముందుగా అడగలేదు. మనిషి గురించి తెలుసుకోవాలన్న కోరిక ఎంత గొప్పదైనా, ఎదురుగా కూర్చున్న మనిషి కంటే గొప్పది కాకూడదు.

మళ్లీ రోడ్డు పక్కకు

ఇప్పుడు ఆ గుంపులోకి తిరిగి వెళ్దాం. కేసుల్లో ఇరుక్కుంటామన్న భయాన్ని చట్టం చాలావరకు తీసేసింది. సాయం చేసినవాళ్లకు రక్షణనిచ్చే మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో అదే రక్షణతో 134ఏ సెక్షన్ చేరింది. ఫోన్ చేయడానికి 108 ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2005 ఆగస్టు 15నే మొదలైంది.

మిగిలింది గుంపులో పలచబడిపోయే బాధ్యత. దానికి మందు ప్రయోగంలోనే దొరికింది. "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే అది ఎవరికీ తగలదు. "నీలం చొక్కా తమ్ముడూ, 108కి నువ్వు చెయ్యి. అన్నా, మీరు వెనకొచ్చే బండ్లు ఆపండి" అంటే బరువు మళ్లీ ఒక మనిషి భుజం మీదికి వస్తుంది.

చివరగా ఒక ప్రయోగం. 1978లో ఆర్థర్ బీమన్ బృందం కొందరు విద్యార్థులకు డార్లీ, లటానే కనిపెట్టినదాన్ని పాఠంగా చెప్పింది, కొందరికి చెప్పలేదు. రెండు వారాల తర్వాత వాళ్లు నడిచే దారిలో ఒక మనిషి పడి ఉండేలా, పక్కన ఇంకొకరు పట్టించుకోనట్టు ఉండేలా ఏర్పాటు చేశారు. పాఠం విననివాళ్లలో నూటికి 25 మంది ఆగారు. విన్నవాళ్లలో 43 మంది ఆగారు. పాఠం వాళ్లకు కొత్తగా దయ నేర్పలేదు. తమ కాళ్లకు ఏది అడ్డం పడుతుందో తెలిపింది, అంతే. ఆ పాఠం ఇప్పుడు మీరూ విన్నారు.